ఒంటికి నప్పే వన్‌పీస్ స్విమ్‌సూట్ ఎంచుకోవడం: ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ పూల్‌లో పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర వరకు ఆడవాళ్ల బ్యాచ్. ముప్పై ఎనిమిదో ఏట నేను అందులో చేరి ఈత నేర్చుకున్నాను. అప్పటికి నలుగురమే, ఇప్పుడు ఇరవై మంది దాటాం. కొత్తగా చేరాలనుకునే ప్రతి ఒక్కరూ ఫోన్ చేసి మొదట అడిగేది "ఏం వేసుకోవాలి, అసలు నాకు అవి బాగుంటాయా" అనే. నీళ్లంటే భయం సంగతి ఆ తరువాతే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేవన్నీ ఒకచోట రాసేస్తున్నాను. ఇది చదివి ఒక్కరు ఈ ఎండాకాలం నీళ్లలోకి దిగినా నాకు సంతోషమే.

నప్పడం అంటే ఏంటి? సన్నగా కనపడటమా?

అదొక్కటే అయితే నల్లది కొనుక్కోండి అని ఒక్క ముక్కలో చెప్పేసేదాన్ని. నేను చూసినంతలో స్విమ్‌సూట్‌లో బాగా కనిపించేది, వేసుకున్నాక దాని మీదకి మళ్లీ చెయ్యి వెళ్లని మనిషి. వెనక కిందికి లాక్కోవడం, ముందు పైకి సర్దుకోవడం, స్ట్రాప్ జారుతుంటే మాటిమాటికీ భుజం ఎగరేయడం, టవల్ చుట్టుకుని గట్టు మీద ఒదిగి కూర్చోవడం, వీటిలో చాలావరకు సైజు తప్పు వల్ల వచ్చేవే, దానికి మనం మన ఒంటిని తిట్టుకుంటాం. సరైన కొలతది వేసుకున్న రోజున అదే మనిషి చేతులూపుకుంటూ మామూలుగా నడిచొస్తుంది, చూసేవాళ్లకీ అప్పుడే బాగుందనిపిస్తుంది. కాబట్టి ముందు కొలత, తరువాత కట్, ఆఖర్న రంగు. చాలామంది దీన్ని తిరగేసి కొంటారు, రంగు చూసి మనసు పారేసుకుని సైజు దగ్గర సర్దుకుంటారు.

నా కుర్తీ సైజు మీడియం. స్విమ్‌సూట్ కూడా మీడియమేనా?

కుర్తీ సైజుని నమ్మకండి. కుర్తీ భుజం నుంచి కిందికి వేలాడుతుంది, పొడవు కొంచెం అటూ ఇటూ అయినా ఏమీ కాదు. వన్‌పీస్ భుజం దగ్గర మొదలై కాళ్ల మధ్య నుంచి తిరిగి మళ్లీ భుజానికే వచ్చి కలుస్తుంది. మీ పైశరీరం పొడవెంతో తెలియకుండా కొంటే అదృష్టం మీద వదిలేసినట్టే.

టైలర్ టేపు తీసుకోండి. ఛాతీ నిండుగా ఉన్నచోట, నడుము సన్నగా ఉన్నచోట, సీటు వెడల్పుగా ఉన్నచోట, ఈ మూడు కొలతలు అందరికీ తెలిసినవే. నాలుగోది ఎవరూ తీసుకోరు, అసలైనది అదే. ఒక భుజం మధ్యలో టేపు కొస పెట్టి, ఛాతీ మీదుగా కిందికి తెచ్చి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసుకుని, వీపు మీదుగా మళ్లీ అదే భుజానికి చేర్చండి. నిటారుగా నిలబడాలి, టేపు మరీ బిగించకూడదు. ఒక్కరే కొలుచుకుంటే టేపు జారిపోతుంది, అక్కనో చెల్లినో కూతురినో పట్టుకోమనండి. సైజ్ చార్టుల్లో దీన్ని టోర్సో అంటారు.

మా బ్యాచ్‌లో ఇద్దరున్నారు, ఇద్దరికీ ఛాతీ 36 అంగుళాలే, కానీ ఒకామె టోర్సో 59, ఇంకొకామెది 64. ఒకే సూట్ ఇద్దరికీ ఎలా సరిపోతుంది? పొడవు ఎక్కువున్నామెకి భుజాలు కోసుకుపోయేవి, మెడ కిందికి దిగిపోయేది, తనే లావైపోయిందని రెండు నెలలు బాధపడింది. ఒక సైజు పెంచి తీసుకున్నాక ఆ బాధ మొత్తం పోయింది, ఆమె బరువు మాత్రం ఒక్క కిలో కూడా మారలేదు.

ఛాతీ కొలత ఒక సైజు చూపించి టోర్సో ఇంకోటి చూపిస్తే టోర్సో మాట వినండి. చుట్టుకొలతలో ఒకటి రెండు అంగుళాలు బట్ట సాగి సర్దుకుంటుంది. నిలువులో తక్కువైతే ఆ లాగుడంతా భుజాల మీద పడుతుంది. కొన్ని కంపెనీలు పొడుగువాళ్ల కోసం లాంగ్ టోర్సో అని విడిగా కుడతాయి, దొరికితే వదలకండి.

ట్రయల్ రూమ్‌లో ఏమేం చూడాలి?

శుభ్రత కోసం పల్చటి ఇన్నర్ మీదే వేసి చూడండి. వేసుకున్నాక అద్దం ముందు కదలకుండా నిలబడితే ఏమీ తెలియదు, అద్దం ముందు అన్నీ బాగానే ఉంటాయి. రెండు చేతులూ చెవులకు ఆనేలా పైకెత్తండి, ఫ్రీస్టైల్‌లో చెయ్యి వెళ్లేది అక్కడికే. ముందుకి పూర్తిగా వంగండి, ఛాతీ దగ్గర బట్ట ఒంటిని వదిలేసి గ్యాప్ వస్తోందా చూడండి. గొంతుక్కూర్చుని లేవండి, వెనకభాగం పైకి పాకిపోతే ఆ కట్ మీది కాదు. స్ట్రాప్ కింద రెండు వేళ్లు దూరాలి, అరచెయ్యి దూరితే వదులు, ఒక్క వేలే కష్టమైతే బిగుతు.

ముడతల్ని చదవడం నేర్చుకుంటే ఇంకా సులువు. పొట్ట దగ్గరో వీపు కిందో అడ్డంగా మడతలు పడుతున్నాయంటే సూట్ మీకు పొడవు ఎక్కువ. కాళ్ల మధ్య నుంచి భుజాల వైపు నిలువుగా లాగుతున్నట్టు గీతలొస్తే పొడవు తక్కువ. తొడ దగ్గర ఎలాస్టిక్ కండని నొక్కి పైన గట్టు కట్టినట్టు ఉబ్బితే సైజు చిన్నదైనా అయ్యుండాలి, ఆ ఎలాస్టిక్ మరీ గట్టిదైనా అయ్యుండాలి, రెండిట్లో ఏదైనా అది వద్దు.

నా మొదటి సూట్ కొన్నప్పుడు షాపులో అమ్మాయి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి "మేడమ్, మీకు ఎక్స్ఎల్ కావాలి" అని చేతిలో పెట్టేసింది, ట్రయల్ కూడా ఇవ్వలేదు. సిగ్గుతో ఏమీ అనకుండా డబ్బు కట్టేశాను. మొదటిరోజు గోడ తన్నుకుని ముందుకెళ్లగానే ముందువైపు నీళ్లు నిండి సంచీలా ఉబ్బింది, చేతులు ఈతకి వాడాలో బట్ట పట్టుకోవడానికి వాడాలో తెలియలేదు. నాకు కావాల్సింది లార్జ్. అప్పటినుంచి ట్రయల్ లేదంటే నేను కొనను, మీరూ కొనకండి.

ఎంత బిగుతుగా ఉండాలి?

పొడిగా ఉన్నప్పుడు "అబ్బ, కాస్త పట్టేసినట్టుందే" అనిపించాలి, ఊపిరి మాత్రం నిండుగా ఆడాలి. తడిశాక బట్ట కొంచెం వదులవుతుంది. షాపులో నైటీలా హాయిగా ఉన్నది పూల్‌లో జారుతుంది.

నాకు పొట్ట ఉంది. ఏ మోడల్ బాగుంటుంది?

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే.

ముందువైపు కుచ్చులు పెట్టి కుట్టిన మోడల్స్ నిజంగా పనిచేస్తాయి. కుచ్చులు పొట్ట మధ్యలో కాకుండా ఒక పక్క కుట్టులోంచి మొదలై ఏటవాలుగా వచ్చేవి ఇంకా మంచివి, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం అన్నది కంటికి తేలిగ్గా దొరకదు. చీర కుచ్చిళ్లు, పైట మడతలు పొట్టని ఎలా కలిపేసుకుంటాయో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఇదీ అంతే. పక్కల్లో ముదురు రంగు, మధ్యలో వేరే రంగు ఉన్న ప్యానెల్ మోడల్ అయితే నడుము దగ్గర ఒంపు వచ్చినట్టు కనిపిస్తుంది. మెడ వి ఆకారంలో ఉంటే చూపు పైకి, ముఖం వైపుకి వెళ్తుంది.

లోపల గట్టి మెష్ లైనింగ్ వేసి టమ్మీ కంట్రోల్ అని అమ్మేవి ఉన్నాయి. తేలికపాటివి పర్వాలేదు, పొట్టని సాఫీగా ఉంచుతాయి. మరీ బిగించేవి మాత్రం ఈతకి వద్దు. ఈతంటే సగం ఊపిరే, తల పక్కకి తిప్పిన ఆ ఒక్క క్షణంలో గాలి నిండుగా లోపలికి పోవాలి, పక్కటెముకలు విప్పారాలి. పొట్ట కట్టేసుకుని ఈదితే రెండు ల్యాప్‌లకే ఆయాసం వస్తుంది, అప్పుడు "నాకు స్టామినా లేదు" అని మానేస్తారు. అలా మానేసినవాళ్లని చూశాను.

నడుము చుట్టూ ఫ్రిల్ ఉన్నవి గట్టు మీద బాగుంటాయి, నీళ్లలో ఫ్రిల్ పైకి తేలుతుంది. నడుముకి బెల్టు, బకిల్ ఉన్నవి రిసార్ట్‌లో ఫోటోకి సరే, రోజూ ఈదడానికి బకిల్ గుచ్చుకుంటుంది.

ఇంకో మాట. షవర్ దగ్గర నుంచి పూల్ మెట్ల వరకు మహా అయితే ఇరవై అడుగులు. మీ పొట్ట ఎవరికైనా కనిపించేది ఆ ఇరవై అడుగులే, మిగతా యాభై ఐదు నిమిషాలు నీళ్లలోనే ఉంటారు.

ఛాతీ పెద్దది. వన్‌పీస్‌లో సపోర్ట్ ఉంటుందా?

మోడల్‌ని బట్టి ఉంటుంది. మామూలు జాకెట్టుకీ ప్రిన్సెస్ కట్ జాకెట్టుకీ తేడా మనందరికీ తెలుసు కదా, భుజం నుంచో చంక నుంచో వచ్చే నిలువు కుట్టు ఛాతీని చక్కగా పట్టి ఉంచుతుంది. స్విమ్‌సూట్‌లో కూడా అలాంటి కుట్టున్నవి వెతకండి. ఒకే ముక్క బట్టతో ముందుభాగం మొత్తం కుట్టినవి ఛాతీని నొక్కి చదును చేస్తాయి, లేదా రెండూ కలిసిపోయి ఒక్క దిమ్మలా కనిపిస్తాయి.

స్ట్రాప్ వెడల్పు ముఖ్యం, సన్నటి దారంలాంటివి భుజాల్ని కోస్తాయి. లోపల ఛాతీ కింద ఎలాస్టిక్ పట్టీతో ఇన్‌బిల్ట్ బ్రా ఉందా చూడండి, ఆ ఎలాస్టిక్ సరిగ్గా ఛాతీ కిందే కూర్చోవాలి, మధ్యలో కూర్చుంటే ఆ సూట్ మీకు పొట్టి. మెడ వెనక ముడి వేసుకునే హాల్టర్ రకాలు చూడ్డానికి బాగుంటాయి కానీ బరువంతా మెడ నరాల మీద పడుతుంది, అరగంటకే తలనొప్పి వచ్చినవాళ్లున్నారు. బ్రా సైజు, కప్ సైజు ప్రకారం అమ్మే స్విమ్‌సూట్లు కూడా వస్తున్నాయి, ధర ఎక్కువే అయినా ఛాతీ బాగా పెద్దగా ఉన్నవాళ్లకి అవే నయం. వైర్ ఉన్నవి బీచ్‌కీ రిసార్ట్‌కీ పర్వాలేదు, రోజూ ఈదేవాళ్లకి వైర్ రాసుకుని చర్మం ఎర్రబడుతుంది.

ఛాతీ చిన్నది, ప్యాడ్ ఉన్నది తీసుకోవచ్చా?

తీసుకోండి, కానీ ప్యాడ్ కుట్టేసి ఉండాలి. జేబులో దూర్చే రకం ప్యాడ్లు నీళ్లలో మడతపడి ఒకటి పైకి ఒకటి కిందికి పోతాయి. మందపాటి స్పాంజి నీళ్లు పీల్చి బయటికి రాగానే కారుతూనే ఉంటుంది, పల్చటిది చాలు. ఛాతీ దగ్గర అడ్డచారలు, పెద్ద పూలు, కుచ్చులు నిండుగా చూపిస్తాయి.

తొడలు లావు. కాళ్లు ఎక్కువ కప్పేదే మంచిదా?

చాలామంది అలాగే అనుకుంటారు. బట్ట అంచు ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. తొడ అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట అంచు అడ్డగీత గీసినట్టు ఆగితే ఆ వెడల్పునే ఎత్తి చూపించినట్టవుతుంది. అందుకని కొంచెం పైకి కట్ ఉన్నదైనా వేసుకోండి, అప్పుడు కాలు పొడుగ్గా కనిపిస్తుంది. లేదంటే మోకాలి దగ్గరికి తీసుకెళ్లిపోండి. ఆ మధ్యలో ఆగేవే ఎక్కువమందికి నప్పవు. పైభాగం ప్రింట్, కింది భాగం ముదురు ప్లెయిన్ ఉన్నది సీటు వెడల్పుగా ఉన్నవాళ్లకి చక్కగా ఉంటుంది.

నేను ఐదడుగులే. భుజాలు కూడా వెడల్పు. నాకేం బాగుంటుంది?

ఎత్తు తక్కువైతే పైనుంచి కిందికి ఒకే రంగు, లేదా నిలువు గీతలు. నడుము దగ్గర రంగు మారితే మనిషి రెండు ముక్కలై ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. భుజాల సంగతి మీ జాకెట్లని అడగండి. బోట్ నెక్ జాకెట్టులో భుజాలు ఇంకా వెడల్పుగా అనిపిస్తే స్విమ్‌సూట్‌లోనూ వెడల్పు మెడ వద్దు, వి నెక్ తీసుకోండి. ఏ మెడ జాకెట్టు వేసుకున్న రోజున "ఇవాళ బాగున్నావే" అని నలుగురు అంటారో, అదే మెడ స్విమ్‌సూట్‌లోనూ మీకు నప్పుతుంది. ఇరవై ఏళ్లుగా టైలర్ దగ్గర మనం నేర్చుకున్న చదువు ఇది, షాపులోకి వెళ్లగానే ఎందుకో మర్చిపోతాం.

చామనఛాయకి ఏ రంగులు?

మన పట్టుచీరల రంగులన్నీ. నెమలి కంఠం నీలం, మెజెంటా, చిలకాకుపచ్చ, వంకాయ రంగు, కుంకుమ ఎరుపు, ఇవన్నీ చామనఛాయ మీదా నలుపు మీదా వెలిగిపోతాయి. ఎవరో నల్లగా ఉన్నవాళ్లు ముదురు రంగులే వేసుకోవాలన్నారని జీవితమంతా నేవీ బ్లూలో గడిపేయకండి. లేత గోధుమ, చర్మం రంగుకి దగ్గరగా ఉండేవి మాత్రం వద్దు, తడిస్తే దూరం నుంచి ఏమీ వేసుకోనట్టు కనిపిస్తుంది.

తెలుపు, లేత పసుపు, లేత గులాబీ నచ్చితే లోపల ముందూ వెనకా లైనింగ్ ఉందా చూడండి. చాలా సూట్లకి ముందు మాత్రమే ఉంటుంది. ఇంటికి తెచ్చాక షవర్ కింద ఒకసారి తడిపి అద్దంలో చూసుకోండి. పసుపు రాసుకునే అలవాటు ఉంటే ఈ లేత రంగులు అస్సలు వద్దు, మెడ అంచు ఒక్కరోజులో పాడవుతుంది. సన్‌స్క్రీన్ కూడా లేతవాటి మీద పసుపు రంగు మరకలు వదులుతుంది, రాసుకుని పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు సూట్ వేసుకోండి.

ఇది అందానికి సంబంధించింది కాదు గానీ చెప్పి తీరాలి. పూల్ అడుగున టైల్స్ నీలం. లేత నీలం, తెలుపు సూట్ వేసుకున్న మనిషి నీళ్ల కింద ఉంటే లైఫ్‌గార్డ్ కంటికి ఆనదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలకి కొనేటప్పుడు, నారింజ, ఎరుపు, ముదురు గులాబీ లాంటి కొట్టొచ్చినట్టు కనపడే రంగే కొనండి. సూట్ ముదురుదైతే కనీసం క్యాప్ అయినా ఆ రంగుది పెట్టుకోండి.

బట్ట ఏది మంచిది? లేబుల్ మీద ఏం చూడాలి?

మామూలు సూట్లు నైలాన్, ఎలాస్టేన్ కలిపినవి, దాదాపు 80, 20 శాతం. ఎలాస్టేన్‌నే స్పాండెక్స్ అంటారు, లైక్రా దాని బ్రాండ్ పేరు. మెత్తగా ఉంటాయి, ఒంటికి బాగా పట్టుకుంటాయి, కానీ క్లోరిన్ ఆ ఎలాస్టేన్ పోగుల్ని తినేస్తుంది. వారానికి నాలుగైదు రోజులు ఈదితే కొన్ని నెలలకే సీటు దగ్గర వదులై పల్చబడుతుంది. రోజూ వెళ్లేవాళ్లు పాలిస్టర్, పీబీటీ (అదీ ఒక రకం పాలిస్టరే) అని రాసి ఉన్నవి తీసుకోండి, స్పీడో బ్రాండ్‌లో ఎండ్యూరెన్స్ ప్లస్ అనేది అలాంటి బట్టే. కొంచెం గరుగ్గా ఉంటుంది, అంతగా సాగదు, కానీ ఎంతో ఎక్కువ కాలం వస్తుంది. నెలకోసారి రిసార్ట్‌కి వెళ్లేవాళ్లకి నైలాన్ చాలు.

టీషర్టు, లెగ్గింగ్స్ వేసుకుని దిగకూడదా?

కాటన్ అయితే దిగకండి. నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కుతుంది, చేతికి కాలికి చుట్టుకుంటుంది, దారపు నూగు ఫిల్టర్‌లో చేరుతుంది కాబట్టి చాలా పూల్స్‌లో ఒప్పుకోరు కూడా. వందేళ్లకు పైగా క్రితం పాశ్చాత్య దేశాల్లో కూడా ఆడవాళ్లు ఉన్ని గౌన్లు, మేజోళ్లు వేసుకునే సముద్రంలో దిగేవారు. ఆ బరువుతో ఈత ఎలా వస్తుందని అడిగి, ఒంటికి అతుక్కునే వన్‌పీస్ వేసుకుని ఈదింది ఆస్ట్రేలియా స్విమ్మర్ ఆనెట్ కెల్లర్‌మన్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి ఈత పోటీలు 1912లో స్టాక్‌హోమ్‌లో మొదలయ్యాయి. అంటే వన్‌పీస్ పుట్టింది ఈత కోసం. ఒళ్లు చూపించడానికి పుట్టిందన్నది తరువాత వచ్చిన మాట.

ఒళ్లు ఎక్కువ కనిపించకూడదు. ఏ రకాలున్నాయి?

చాలా ఉన్నాయి, వన్‌పీస్ అంటే తొడలు మొత్తం కనిపించేదే అనుకోకండి. మా బ్యాచ్‌లో సగానికి పైగా వేసుకునేది పొట్టిచేతులతో మోకాళ్ల వరకు వచ్చేది. మనవైపు స్పోర్ట్స్ షాపుల్లో తేలిగ్గా దొరుకుతుంది. పొడుగుచేతులతో మడమల వరకు వచ్చేవీ ఉన్నాయి. తలతో సహా కప్పే బుర్కినీని 2004లో ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి అనే ఆమె తయారుచేసింది, ఇప్పుడు అలాంటివి మన దగ్గరా వేసుకుంటున్నారు.

ఫ్రాక్ మోడల్, అంటే వన్‌పీస్‌కి కింద చిన్న స్కర్టు ఉండేది, సీటు గురించి మొహమాటపడేవాళ్లకి బాగుంటుంది. స్కర్టు పొట్టిగా, ఒంటికి దగ్గరగా ఉండాలి. ఘేరు ఎక్కువుంటే నీళ్లలో గొడుగులా తెరుచుకుని కాళ్లకి అడ్డం పడుతుంది. స్కర్టు కింద విడిగా షార్ట్ కుట్టి ఉందో లేదో తప్పకుండా చూడండి.

ఈ కప్పే రకాల్లో నప్పడం అంతా రెండు చోట్ల ఉంది. చెయ్యి అంచు మోచేతికి కాస్త పైన ఆగాలి, మోచెయ్యి మీద ఆగితే మడతపడుతుంది. మోకాలి దగ్గర ఎలాస్టిక్ పిక్కని కొరకకూడదు. జిప్ ముందు ఉన్నది తీసుకుంటే మీకు మీరే వేసుకోగలరు, వెనక జిప్ అయితే ప్రతిసారీ ఎవరో ఒకరు కావాలి, తడి ఒంటితో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ కష్టం తెలుస్తుంది.

లోపల ఇన్నర్స్ వేసుకోవాలా?

వద్దు. కాటన్ ఇన్నర్ నీళ్లు పట్టి, అంచులు బయటికి కనిపిస్తాయి, రాసుకుని ఒరిపిడి వస్తుంది. సూట్‌లోనే లైనింగ్ ఉంటుంది. మరీ ఇబ్బందిగా ఉంటే అదే బట్టతో వచ్చే స్విమ్ బ్రీఫ్ దొరుకుతుంది.

పీరియడ్స్‌లో?

ప్యాడ్ నీళ్లలో పనిచేయదు, ఉబ్బిపోతుంది. మెన్‌స్ట్రువల్ కప్ గానీ టాంపాన్ గానీ అలవాటుంటే నిశ్చింతగా ఈదొచ్చు. కప్ కొత్తైతే ముందు ఇంట్లో రెండు నెలలు వాడి చూసుకుని అప్పుడు పూల్‌కి రండి. ఆ రోజుల్లో ముదురు రంగు సూట్ వేసుకుంటే టెన్షన్ ఉండదు. రావాలనిపించకపోతే మానేయండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు.

మంగళసూత్రం, నల్లపూసలు, మెట్టెల సంగతేంటి?

ఇది అడగడానికి సంకోచిస్తారు, అందుకే నేనే ముందు చెప్తాను. క్లోరిన్ బంగారంలో కలిపే రాగి, వెండి లాంటి లోహాలను దెబ్బతీస్తుంది, నెమ్మదిగా అతుకులు బలహీనపడతాయి. పొడవు గొలుసు లేన్ తాడుకి తగులుకుంటే ప్రమాదం కూడా. తీయగలిగినవాళ్లు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి వస్తారు. తీయడం ఇష్టం లేనివాళ్లు పసుపుతాడుకి పుస్తెలు మాత్రం కట్టుకుని, హై నెక్ సూట్ లోపల ఒంటికి అంటుకుని ఉండేలా పెట్టుకుంటారు. పసుపుతాడు రంగు వదులుతుంది కాబట్టి ముదురు రంగు సూట్ తీసుకోండి. ఎవరిష్టం వాళ్లది, ఈ ఒక్క కారణంగా ఈత మానుకోవడం మాత్రం నాకు బాధగా ఉంటుంది. మెట్టెలు, కాలిపట్టీలు సూట్ వేసుకునేటప్పుడు పోగు లాగేస్తాయి, కాలికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని అప్పుడు దూర్చండి, సూట్ కూడా సులువుగా ఎక్కుతుంది.

డెలివరీ అయి నాలుగు నెలలు. కుట్టు గుర్తు, చారలు కనిపిస్తాయి కదా?

సిజేరియన్ కుట్టు వన్‌పీస్ లోపలే ఉండిపోతుంది. తొడల మీద చారలు కనిపిస్తాయి, మా బ్యాచ్‌లో తల్లులందరికీ ఉన్నాయి, ఒకళ్లవి ఒకళ్లు చూసుకునే తీరిక ఎవరికీ లేదు. డాక్టర్ సరేనన్నాకే నీళ్లలోకి రండి. పాలిస్తున్నట్టయితే ముందు జిప్ ఉన్నది కొనండి, ఛాతీ సైజు మారుతూ ఉంటుంది కాబట్టి ఇప్పుడే ఖరీదైనది వద్దు.

మా అమ్మకి 58. ఈ వయసులో స్విమ్‌సూటా అంటోంది.

గోలి శ్యామల గారి గురించి చెప్పండి. మన తెలుగావిడే, హైదరాబాద్‌లో ఉంటారు. నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోడి వరకు పాక్ జలసంధిని ఈదారు. మీ అమ్మగారు సముద్రాలు ఈదక్కర్లేదు, మోకాళ్ల నొప్పులకి నీళ్లలో నడిచినా చాలు. ఆవిడకి కొనేటప్పుడు వేసుకోవడం, విప్పడం సులువుగా ఉండటమే ముఖ్యం. ముందు జిప్, వెడల్పు స్ట్రాప్ లేదా పొట్టిచేతులు, ఒక సైజు వదులైనా పర్వాలేదు. వీపు మీద స్ట్రాప్‌లు కలిసిపోయే రేసర్‌బ్యాక్ రకం భుజాలు పట్టేసినవాళ్లకి వద్దు, యు ఆకారం వీపు తేలిక. మొదటిరోజు మీరూ ఆవిడతోపాటు దిగండి.

ఇంట్లో ఏమంటారో అని భయం.

నాకూ ఉండేది. నేనైతే సూట్ కొని తెచ్చి మా అత్తగారికే ముందు చూపించాను, మోకాళ్ల వరకు వచ్చేది. ఆవిడ పట్టుకుని చూసి "జారదు కదా" అన్నారు, అంతే. అందరి ఇళ్లూ ఒకలా ఉండవని తెలుసు. లేడీస్ బ్యాచ్, లేడీ కోచ్ ఉన్నచోటు చూసుకోండి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పైన వదులు కుర్తీ వేసుకోండి. మీతోపాటు ఇంకొకరిని చేర్చుకుంటే సగం భయం పోతుంది. ఆరతి సాహా అనే బెంగాలీ అమ్మాయి 1959లో ఇంగ్లిష్ ఛానల్ ఈదింది, ఆసియా ఆడవాళ్లలో మొదటిది ఆమే. అప్పుడే ఆ ధైర్యం చేసిన దేశం మనది.

వైజాగ్ బీచ్‌కి వెళ్తున్నాం, పూల్ సూటే వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. అల తగిలితే సన్నటి స్ట్రాప్‌లు జారిపోతాయి, కాబట్టి వెడల్పువి. ఇసుక లైనింగ్‌లో చేరుతుంది, విప్పాక లోపల బయట తిరగేసి కడగాలి. ఎండకి పొడుగుచేతులది మేలు, యూపీఎఫ్ 50 అని ఉంటే అతినీలలోహిత కిరణాల్లో యాభైలో ఒక వంతే లోపలికి వస్తుంది. ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి, మోకాళ్లు దాటి వెళ్లొద్దు, చీరతో, చున్నీతో అయితే అసలే వద్దు, తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లకి కూడా బయటపడటం కష్టం.

ఆన్‌లైన్‌లో కొనొచ్చా? ఎంత పెట్టాలి?

మొదటిది షాపులోనే కొనండి, డెకథ్లాన్ లాంటి చోట వేసి చూసుకునే వీలుంటుంది. ఆ బ్రాండ్‌లో మీ సైజు తెలిశాక రెండోది ఆన్‌లైన్. రిటర్న్ తీసుకుంటారా అన్నది ముందే చదవండి, స్విమ్‌సూట్లకి చాలామంది తీసుకోరు, తీసుకున్నా లోపలి స్టిక్కర్ తీయకూడదు. రివ్యూల్లో కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు చూడండి, కంపెనీ ఫోటోలో మోడల్ వెనక పిన్నులు పెట్టి ఉండొచ్చు. నేర్చుకోవడానికి వెయ్యి, రెండు వేల మధ్యలో మంచివే దొరుకుతాయి. మొదటి నెలలోనే ఖరీదైనది అక్కర్లేదు, ఈత వచ్చేసరికి మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది.

ఎలా ఉతకాలి? ఎప్పుడు మార్చాలి?

పూల్‌లో దిగే ముందే షవర్ కింద పూర్తిగా తడవండి, మంచినీళ్లు పీల్చుకున్న బట్ట క్లోరిన్ నీళ్లు తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే మళ్లీ మంచినీళ్లు. ఇంటికొచ్చాక చేత్తో, షాంపూనో తేలికపాటి లిక్విడో వేసి చల్లటి నీళ్లలో జాడించండి. మెలిపెట్టి పిండొద్దు, టవల్‌లో చుట్టి నొక్కండి. వాషింగ్ మెషిన్, బ్రష్, సర్ఫ్‌లో రాత్రంతా నానబెట్టడం వద్దు. నీడలో ఆరేయండి, మన మే నెల ఎండలో డాబా మీద పడేస్తే ఎలాస్టిక్ అప్పడంలా అయిపోతుంది. ప్లాస్టిక్ కవర్‌లో తడి సూట్ పెట్టి సాయంత్రం దాకా మర్చిపోతే బూజు వాసన పట్టి వదలదు. వీలుంటే రెండు సూట్లు మార్చి మార్చి వాడండి.

మార్చే టైమ్ వచ్చిందో లేదో తెలియాలంటే సీటు దగ్గర బట్టని రెండు చేతులతో సాగదీసి కిటికీ వెలుతురుకి పట్టండి. అవతలి వెలుతురు కనిపిస్తే, లేదా తెల్లటి చిన్న చిన్న ఎలాస్టిక్ ముక్కలు పైకి లేచి ఉంటే, దాన్ని ఇక పూల్‌కి తీసుకెళ్లొద్దు. ఇది మనకి కనిపించదు, వెనకున్నవాళ్లకే కనిపిస్తుంది, అందుకని మా బ్యాచ్‌లో ఒకరికొకరం నెమ్మదిగా చెవిలో చెప్పుకుంటాం.